పద్నాలుగేళ్ళ జావా తరువాత మూడు వారాల్లో గో: ఏది నేర్చుకోవాలి, ఏది మరిచిపోవాలి?

స్వర్ణముఖి (తిరుపతి) | సోమవారం, రాత్రి 9:40

నేను పద్నాలుగేళ్ళుగా జావా అనే ప్రోగ్రామింగ్ భాషలోనే పని చేస్తున్నాను. మధ్యమధ్యలో పైథాన్, జావాస్క్రిప్ట్ ముట్టుకున్నానే తప్ప వాటితో కాపురం చేయలేదు. గత వారం మా బృందాన్ని మరొక బృందంలో కలిపారు. వారి బిల్లింగ్ సర్వీసు (బిల్లులు లెక్కగట్టే ప్రోగ్రాము) మొత్తం గో అనే మరో భాషలో ఉంది, వచ్చే నెల నుంచి అందులో మార్పులు చేసే బాధ్యత నాది. చేతిలో మూడు వారాలున్నాయి. పగలంతా పాత పని అప్పగింతలకే సరిపోతుంది కనుక, లెక్క వేస్తే రోజుకు రెండు గంటలు, ఆదివారం మరికొంత దొరుకుతుంది.

మొన్న శని, ఆదివారాల్లో ఒక వీడియో పాఠాల వరుస మొదలుపెట్టాను. చరరాశి అంటే ఏమిటో, లూప్ అంటే ఏమిటో ఆయన ఓపికగా చెబుతుంటే నాకు నిద్ర వచ్చింది. వేగం పెంచి చూశాక, నాకు తెలియని విషయమేదో ఆ వేగంలోనే దాటిపోయిందన్న అనుమానం పట్టుకుంది. ఇంతకు ముందే ఒక భాషలో చేయి తిరిగి, రెండో భాషను త్వరగా పట్టుకోవలసి వచ్చినవారు ఏ క్రమంలో వెళ్ళారో, అందులో ఏది వృథా అయిందో చెప్పగలరా?

తోతాపురి (చిత్తూరు) | సోమవారం, రాత్రి 10:25

పాఠాలు ఆపేయండి. మీరు కళ్ళు మూసుకొని రాయగలిగే చిన్న ప్రోగ్రామును ఒకదాన్ని ఎంచుకొని, దాన్ని కొత్త భాషలో రాయండి. సమస్య గురించి ఆలోచించే పని లేకపోతే దృష్టంతా భాష మీదే నిలుస్తుంది.

నాకు ఆ ప్రోగ్రాము కాటా చీటీ. చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాయడం నా వృత్తి. లారీ లోడుతో కాటా ఎక్కుతుంది, కాయ దించి ఖాళీగా మళ్ళీ ఎక్కుతుంది. రెండు బరువుల తేడాలో తరుగు తీసి, ధరతో గుణించి, చీటీ అచ్చు వేయాలి. చూడడానికి ఇంతే అయినా, ఫైలు చదవడం, వాక్యంలోంచి అంకెలు విడదీయడం, తప్పు బరువు కొట్టినప్పుడు తిరస్కరించడం, రైతు పేరును తెలుగులో చూపడం, డేటాబేసులో దాచడం, టెస్టు రాయడం అన్నీ ఇందులో వస్తాయి. ఈ ఒక్క చీటీని ఇప్పటికి నాలుగు భాషల్లో రాశాను, ప్రతిసారీ అది నాకు తెలియనిది ఒకటి బయటపెట్టింది.

పైథాన్‌లో రాసినప్పుడు బయటపడినది చెబుతాను. నికర బరువు 5,060 కిలోలు, తరుగు వందకు రెండున్నర అనుకోండి. తరుగు 126.5 కిలోలు అవుతుంది. పాత జావా చీటీ దాన్ని 127 చేసింది, కొత్త పైథాన్ చీటీ 126 చేసింది. అదే బరువు 5,020 అయితే 125.5 వస్తుంది, దాన్ని రెండు చీటీలూ 126 అనే చూపుతాయి. కొన్ని చీటీల్లో తేడా ఉండి, కొన్నిటిలో లేకపోయేసరికి కాటా యంత్రాన్నే అనుమానించి ఒక రోజంతా దాని కేబుళ్ళు మార్చాను. పైథాన్ 3లోని రౌండ్, విలువ సరిగ్గా సగం దగ్గర ఉంటే దగ్గరి సరిసంఖ్యకు పోతుంది. జావాలోని మ్యాథ్ రౌండ్ పైకి పోతుంది. పత్రాల్లో ఇది స్పష్టంగానే ఉంది. అయితే రౌండ్ అనే పేరు చూశాక పత్రం తెరవాలని ఎవరికి తోస్తుంది?

చంద్రగిరి కోట (చంద్రగిరి) | మంగళవారం, ఉదయం 6:50

తోతాపురి గారి పద్ధతి మంచిదే గాని, దానికి ముందు రెండు సాయంత్రాలు భాషా నిర్దేశ పత్రాన్ని (భాష నియమాలన్నీ రాసి ఉండే అధికారిక పత్రాన్ని) మొదటి నుంచి చివరి దాకా చదవమని నా సలహా. అనుభవం ఉన్నవారికి పాఠ్యపుస్తకం కంటే నిర్దేశ పత్రమే సులభం, ఎందుకంటే అది లూప్ ఎందుకో చెప్పకుండా, ఈ భాషలో లూప్ ఎలా ప్రవర్తిస్తుందో మాత్రమే చెబుతుంది. జావా విషయంలో ఈ సలహా ఇచ్చే ధైర్యం నాకు లేదు. గో పత్రం మాత్రం చిన్నది. ఆ భాషలో కీలక పదాలు (భాష తన కోసమే ఉంచుకున్న మాటలు) 25 మాత్రమే, జావాలో యాభైకి పైమాటే.

రెండో సంగతి, భాష పుట్టిన కారణం తెలుసుకోండి. గూగుల్‌లో రాబర్ట్ గ్రీసెమర్, రాబ్ పైక్, కెన్ థాంప్సన్ 2007లో దీని రూపకల్పన మొదలుపెట్టారు, 2009 నవంబరులో బయటికి వచ్చింది, 1.0 సంచిక 2012 మార్చిలో వెలువడింది. పెద్ద సి ప్లస్ ప్లస్ ప్రోగ్రాములు కంపైల్ కావడానికి (యంత్రం నడపగల రూపంలోకి మారడానికి) పట్టే సుదీర్ఘ సమయం, వందలాది మంది ఒకే కోడ్ మీద పని చేయడంలోని చిక్కు వారిని ఇటు నడిపించాయి. ఇది తెలిస్తే, వాడని చరరాశి ఉంటే కంపైలర్ ఎందుకు ఒప్పుకోదో, ఇన్‌హెరిటెన్స్ (ఒక రకం లక్షణాలను మరో రకం వారసత్వంగా పొందడం) ఎందుకు లేదో, జెనెరిక్స్ (ఒకే కోడ్‌ను వేర్వేరు రకాల విలువలకు వాడగలగడం) 2022 మార్చిలో 1.18 దాకా ఎందుకు రాలేదో మీకు విసుగు లేకుండా అర్థమవుతుంది. కారణం తెలియనివారు ఆరు నెలలు ఆ భాషతో తగవు పడుతూ కూర్చుంటారు. నేను పడ్డాను.

కాణిపాకం దారి (చిత్తూరు) | మంగళవారం, మధ్యాహ్నం 1:15

పెద్దలు చెప్పిన రెండూ నిజమే అయినా, నిర్దేశ పత్రాన్ని మొదటి నుంచి చివరి దాకా చదవడంతో నేను ఏకీభవించను. జావా మనిషి ఆ పత్రం చదివితే, తెలిసినట్టు కనిపించిన చోట కళ్ళు వాటంతటవే జారిపోతాయి. ప్రమాదం సరిగ్గా అక్కడే ఉంది.

మన చిత్తూరు వాళ్ళకు ఇది బాగా తెలిసిన సంగతి. మా పెద్దమ్మ చాలా ఏళ్ళ కిందట వేలూరులో ఒక బట్టల దుకాణంలో చీర కొని, చేతిలో డబ్బు తక్కువైతే మిగిలినది మళ్ళీ ఇస్తానన్నది. దుకాణదారు తమిళంలో 'అవసరం ఇల్లై' అన్నాడు. తమిళంలో అవసరం అంటే తొందర. తొందరేమీ లేదు, నెమ్మదిగా ఇవ్వమన్నాడు. మా పెద్దమ్మ మిగిలిన డబ్బు అక్కర్లేదన్నాడని సంతోషపడి, ఆయన ధర్మగుణాన్ని ఊరంతా చెప్పుకుంది. పూర్తిగా తెలియని మాట అయితే ఎదుటివాడిని అడిగేది. తెలిసిన మాట కనుక అడగలేదు.

గోలో జావా మనిషికి అలాంటి 'అవసరాలు' ఇవి. జావాలో ఒక ఆబ్జెక్టును మరో చరరాశికి ఇస్తే రెండూ ఒకే ఆబ్జెక్టును చూపుతాయి. గోలో స్ట్రక్ట్‌ను (కొన్ని ఫీల్డులు కలిపిన విలువను) ఇస్తే మొత్తం నకలు తీస్తుంది. వరుసలోని ఒక్కొక్కదాన్నీ తీసుకునే రేంజ్ లూప్‌లో చేతికి వచ్చేది కూడా నకలే, కాబట్టి బిల్లుల వరుస మీద తిరుగుతూ ఒక్కొక్క బిల్లుకు రాయితీ రాస్తే, అసలు బిల్లులు చెక్కు చెదరకుండా అలాగే ఉంటాయి. స్లైస్‌కు (విలువల వరుసకు) చివర కొత్త విలువను అపెండ్ చేసినప్పుడు, వెనుక ఉన్న అరేలో (విలువలను నిజంగా దాచే చోట) ఖాళీ ఉంటే దానిలోనే రాస్తుంది, కనుక అదే అరేను పంచుకుంటున్న మరో స్లైస్‌లోని విలువలు మీకు చెప్పకుండానే మారవచ్చు. నిల్ మ్యాప్‌ను (ఇంకా సృష్టించని, పేరుకు విలువను జతచేసే పట్టికను) చదివితే ఊరుకుంటుంది, రాస్తే ప్రోగ్రామును పడగొడుతుంది. మీరు సొంతంగా చేసుకున్న ఎర్రర్ రకానికి చెందిన నిల్ పాయింటర్‌ను (దేన్నీ చూపని చిరునామాను) ఎర్రర్ ఇంటర్‌ఫేస్‌గా (ఏ మెథడ్లు ఉండాలో చెప్పే ఒప్పందంగా) తిరిగి ఇస్తే, పిలిచిన చోట అది నిల్‌తో సమానం కాదు; ఏ తప్పూ జరగకపోయినా తప్పు జరిగినట్టే కనిపిస్తుంది. స్ట్రక్ట్‌లో ఫీల్డు పేరు చిన్న అక్షరంతో మొదలైతే జేసాన్‌గా (డేటాను పంపే పాఠ రూపంగా) మార్చేటప్పుడు అది నిశ్శబ్దంగా మాయమవుతుంది.

గోరూటీన్లు (ఒకేసారి నడిచే పనులు), ఛానెళ్ళు (వాటి మధ్య విలువలు పంపే దారులు) జావాతో పోలిక లేనివి కనుక వాటిని మీరు ఎలాగూ జాగ్రత్తగా చదువుతారు. వాటి గురించి బెంగ పెట్టుకోకండి.

స్వర్ణముఖి | గురువారం, రాత్రి 11:05

కాణిపాకం దారి గారూ, మీ సమాధానం చదివి కూడా అదే గోతిలో పడ్డాను. నిన్న తోతాపురి గారి మాట ప్రకారం, పాత ఉద్యోగంలో పదిసార్లయినా రాసిన కరెంటు బిల్లు లెక్కను గోలో రాశాను. శ్లాబు ప్రకారం రేటు వేసి, ఒక్కొక్క బిల్లులో మొత్తం నింపే లూప్ అది. చివర్లో అన్ని బిల్లులూ సున్నా చూపించాయి. నకలు సంగతి మీరు రాసినది గుర్తుంది, అయినా నా లూప్‌లో జరుగుతున్నది అదేనని తట్టడానికి గంటన్నర పట్టింది. చదివి తెలుసుకున్నదానికీ, వేళ్ళకు అలవాటైనదానికీ మధ్య ఇంత దూరం ఉంటుందని అనుకోలేదు. ఇప్పుడు స్థానం సంఖ్యతోనే స్లైస్‌లోకి రాస్తున్నాను.

మరొకటి. ప్రతి రెండో పంక్తిలో ఎర్రర్ నిల్ అవునా కాదా అని చూడడం నాకు చాకిరీలా అనిపిస్తోంది. దీన్ని తప్పించుకునే ఉపాయం ఉందా?

చంద్రగిరి కోట | శుక్రవారం, ఉదయం 6:30

లేదు, వెతకకండి. ఎక్సెప్షన్లను (తప్పును పైకి విసిరే జావా పద్ధతిని) గోలో పానిక్, రికవర్‌తో (ప్రోగ్రామును పడగొట్టి, మళ్ళీ పట్టుకునే ఏర్పాటుతో) అనుకరించాలని చూసిన కోడ్ ఒకటి మా దగ్గర ఉండేది; దాన్ని తీసేయడానికి రెండు నెలలు పట్టింది. ప్రతి చోటా ఉన్న ఎర్రర్‌ను ఉన్నదున్నట్టు పైకి పంపకుండా, ఏ పని చేస్తుండగా వచ్చిందో ఒక మాట చేర్చి పంపండి. నెల తరువాత అర్ధరాత్రి లాగ్ చదివేటప్పుడు ఆ చాకిరీ విలువ తెలుస్తుంది.

పాకాల జంక్షన్ (పాకాల) | శుక్రవారం, రాత్రి 8:20

ఏ కొత్త భాష పట్టుకున్నా మొదటి రోజే నేను చేసే పరీక్ష ఒకటుంది. 'తిరుపతి' అనే మాట ఇచ్చి దాని పొడవు ఎంతో అడుగుతాను.

మన కంటికి అవి నాలుగు అక్షరాలు. జావా, పైథాన్ 7 అంటాయి. గుడులు, కొమ్ములు యూనికోడ్‌లో (అన్ని లిపుల గుర్తులకూ సంఖ్యలిచ్చే ప్రమాణంలో) వేరే గుర్తులు కనుక త, గుడి, ర, కొమ్ము, ప, త, గుడి అని లెక్క వేస్తాయి. గోలో లెన్ (పొడవు చెప్పే ఫంక్షన్), రస్ట్ అనే భాషలో లెన్ 21 అంటాయి. అవి లెక్కించేది బైట్లు, యూనికోడ్ గుర్తులను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్లు. స్విఫ్ట్ మాత్రం మనలాగే 4 అంటుంది. ఒక్క మాటకు మూడు సమాధానాలు వచ్చాయి, మూడూ సరైనవే. స్ట్రింగ్ (అక్షరాల వరుస) అంటే ఏమిటని ఆ భాష అనుకుంటున్నదో ఈ ఒక్క ప్రశ్నతో బయటపడుతుంది.

ఇదేమీ విలాసం కాదు. రసీదులో పేరుకు పది స్థానాలే ఉన్నాయని జావాలో సబ్‌స్ట్రింగ్ వాడినట్టే గోలో మొదటి పది కత్తిరిస్తే, మిగిలేది 'తిర', దాని పక్కన విరిగిన బైట్‌కు గుర్తుగా ఒక ప్రశ్నార్థకపు డబ్బా. ఇంగ్లీషు పేర్లతో పరీక్షించినంత కాలం ఈ తప్పు కనబడదు. గోలో రేంజ్‌తో స్ట్రింగ్ మీద తిరిగితే రూన్లు (యూనికోడ్ గుర్తులు) వస్తాయి, స్థాన సంఖ్యతో అడిగితే బైట్లు వస్తాయి. పక్కపక్కనే ఉన్న రెండు పంక్తుల్లో రెండు లెక్కలు.

పనిలో పనిగా ఒక ముచ్చట. యూటీఎఫ్-8ను 1992లో రూపొందించినవారు కెన్ థాంప్సన్, రాబ్ పైక్. న్యూజెర్సీలోని ఒక భోజనశాలలో కంచం కింద పరిచే కాగితం మీద దాని రూపురేఖలు గీశారు. గో రూపకర్తల్లోనూ ఆ ఇద్దరున్నారు. అయినా గోలో చరరాశికి తిరుపతి అని పేరు పెట్టలేము! పేర్లలో అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోరు మాత్రమే ఉండాలని దాని నియమం. గుడి, కొమ్ము యూనికోడ్ వర్గీకరణలో అక్షరాలు కావు, అక్షరాలను అంటిపెట్టుకునే గుర్తులు. పైథాన్ 3, జావా ఆ పేరును సంతోషంగా ఒప్పుకుంటాయి. ఇక ప్యాకేజీ బయటికి కనబడాలంటే పేరు పెద్ద అక్షరంతో మొదలు కావాలన్న గో నియమం ముందు, పెద్ద చిన్న భేదమే లేని మన లిపి ఏం చేయగలదు?

తలకోన (తిరుపతి) | శనివారం, ఉదయం 10:10

మూడు వారాలు అన్న మాట గో విషయంలో చెల్లుతుంది. శీర్షిక చూసి రస్ట్ నేర్చుకోవాలనుకునేవారు ఇటు వస్తే నిరాశ పడకూడదని రాస్తున్నాను. సి ప్లస్ ప్లస్‌లో పన్నెండేళ్ళు పని చేసి రస్ట్‌లోకి వెళ్ళిన నాకు, కంపైలర్‌తో గొడవ లేకుండా ఒక రోజంతా గడవడానికి నాలుగు నెలలు పట్టింది. ఒక విలువకు ఒకే యజమాని ఉండడం, చదివే అరువులు (యజమాని నుంచి విలువను తాత్కాలికంగా తీసుకోవడాలు) ఎన్నైనా ఉండవచ్చు గాని, మార్చే అరువు ఉన్నంతసేపు మరొకటి ఉండకూడదన్న నియమం వినడానికి పది నిమిషాల పాఠమే. దాన్ని పాటిస్తూ మీ డేటాను ఎలా అమర్చుకోవాలన్నది మాత్రం పాత అనుభవం సహాయం చేయని చోటు. ఒకదాన్నొకటి చూపుకునే నోడ్లతో గ్రాఫ్ రాయడం సి ప్లస్ ప్లస్‌లో నాకు అరగంట పని. రస్ట్‌లో అదే పద్ధతిలో రాయబోయి మూడు రోజులు పోగొట్టుకుని, చివరకు పాయింటర్ల బదులు ఒక వెక్టర్, అందులో స్థాన సంఖ్యలు పెట్టుకున్నాను.

ఒక తేడా గమనించండి. కాణిపాకం దారి గారు చెప్పిన గోతుల్లో చాలావాటిని గో కంపైలర్ నోరు మెదపకుండా దాటనిస్తుంది, అవి నడిచేటప్పుడు బయటపడతాయి. రస్ట్ ఆ కష్టాన్ని ముందే వసూలు చేస్తుంది. మీకు గో త్వరగా వచ్చినట్టు అనిపిస్తే, ఆ అనిపించడంలో కొంత బాకీ ఉందని గుర్తుంచుకోండి.

మూడో సెమిస్టర్ (తిరుపతి) | శనివారం, మధ్యాహ్నం 12:30

నేను ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్నాను అన్నా. సి ఒక సెమిస్టర్ చదివాను. ఇదే పద్ధతిలో నేను నెలకొక భాష చొప్పున నేర్చుకోవచ్చా? ఉద్యోగ ప్రకటనల్లో అన్నీ అడుగుతున్నారు.

చంద్రగిరి కోట | శనివారం, మధ్యాహ్నం 12:55

వద్దు నాయనా. ఇక్కడివారంతా కొత్త భాషను పాత భాషతో పోల్చుకొని నేర్చుకుంటున్నారు. పోల్చడానికి నీ దగ్గర ఒకటి గట్టిగా ఉండాలి కదా. ఒక భాషలో వేయి పంక్తులకు పైబడిన ప్రోగ్రాము ఒకటి రాసి, ఆరు నెలల తరువాత దాన్ని నువ్వే సరిదిద్దు. ఆ తరువాత ఈ చర్చకు తిరిగి రా.

రేణిగుంట రైలు (రేణిగుంట) | శనివారం, సాయంత్రం 5:45

ఇంత చర్చలో ఎవరూ కృత్రిమ మేధ పేరెత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది. ఈ రోజుల్లో జావా ఫంక్షన్ ఇచ్చి గోలోకి మార్చమంటే క్షణాల్లో మారుస్తుంది. నేను పోయిన నెల మొత్తం అలాగే పని నడిపాను.

కాణిపాకం దారి | శనివారం, సాయంత్రం 6:30

పని నడుస్తుంది, కాదనను. చిక్కేమిటంటే, జావా ఫంక్షన్ ఇచ్చి మార్చమన్నప్పుడు తరచూ గో వేషం వేసిన జావా వస్తుంది. ఒక్కటే అమలు ఉన్న చోట కూడా ముందు ఒక ఇంటర్‌ఫేస్, దానికొక ఫ్యాక్టరీ (ఆబ్జెక్టులు తయారుచేసే కోడ్), ప్రతి ఫీల్డుకు గెట్, సెట్. గోలో ఇంటర్‌ఫేస్‌ను సాధారణంగా వాడుకునేవాడి వైపు, ఒకటి రెండు మెథడ్లతో చిన్నగా రాస్తారు. రకం తాను ఫలానా ఇంటర్‌ఫేస్‌ను అమలు చేస్తున్నానని ప్రకటించనక్కర్లేదు. ఈ తేడా తెలియనివారికి, వచ్చిన కోడ్‌లోని జావా వాసన ఎలా తెలుస్తుంది?

నేను దాన్ని తిరగేసి వాడతాను. కోడ్ నేనే రాసి, ఇందులో గో వాళ్ళు చూసి నవ్వుకునేవి ఏమున్నాయో చెప్పమంటాను. చెప్పినదాన్ని గోతోపాటు వచ్చే ప్రామాణిక లైబ్రరీలో సరిచూసుకుంటాను. ఆ లైబ్రరీ చాలావరకు గోలోనే రాసి ఉంది, స్ట్రింగ్స్, సార్ట్ ప్యాకేజీల వంటివి కథలా చదువుకోవచ్చు.

స్వర్ణముఖి | రెండు వారాల తరువాత, ఆదివారం, రాత్రి 9:15

మూడు వారాలు పూర్తయ్యాయి. ఎలా గడిచాయో చెప్పడం బాకీ కనుక రాస్తున్నాను.

నిర్దేశ పత్రాన్ని చంద్రగిరి కోట గారు చెప్పినట్టు మొదటి నుంచి కాకుండా, బిల్లు లెక్క రాస్తూ తగిలిన చోటల్లా ఆ భాగం మాత్రం చదివాను. మూడో వారానికి చూసుకుంటే దాదాపు అంతా చదివేశాను. పాకాల జంక్షన్ గారి పరీక్షను 'చిత్తూరు'తో చేశాను. బైట్లు 24, రూన్లు 8 వచ్చాయి. కంటికి కనబడే అక్షరాలను లెక్కించడానికి గో ప్రామాణిక లైబ్రరీలో ఏర్పాటు లేకపోవడంతో రెండు బయటి లైబ్రరీలు తెచ్చి చూస్తే, ఒకటి 4 అన్నది, మరొకటి 3 అన్నది. ఒత్తును ముందున్న హల్లుతో కలిపి ఒకటిగా లెక్కించాలన్న నియమం తెలుగు వంటి లిపులకు 2023లో యూనికోడ్ 15.1తోనే వచ్చిందట, మొదటి లైబ్రరీ అంతకు ముందుది.

మొదటిసారి కోడ్ పరిశీలనకు పంపినప్పుడు పదకొండు ఫైళ్ళు పంపాను, కొత్త బృందంలోని అమ్మాయి దాన్ని మూడు ఫైళ్ళకు కుదించి చూపింది. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నది. ఆవిడ రాసిన వ్యాఖ్యల్లో ఎక్కువ భాగం 'ఇది అక్కర్లేదు' అన్నవే. ఆ ఒక్క పరిశీలన నాకు వారం రోజుల చదువుతో సమానం, రెండో రోజే ఎవరికైనా చూపించి ఉండవలసింది.

నిన్న తగిలిన దెబ్బ గురించి చెప్పి ముగిస్తాను. లూప్‌లోంచి గోరూటీన్లు మొదలుపెట్టి ఒక్కొక్క బిల్లును ఒక్కొక్క దానికి అప్పగించాను. లూప్ చరరాశిని అన్ని గోరూటీన్లూ పంచుకునే పాత చిక్కు 2024 ఫిబ్రవరిలో వచ్చిన 1.22తో తీరిపోయిందని చదివాను కనుక నిశ్చింతగా ఉన్నాను. నా యంత్రంలో ఉన్నదీ కొత్త సంచికే. తీరా చూస్తే చివరి బిల్లు చాలాసార్లు లెక్కకు వచ్చింది, మిగిలినవి చాలావరకు రానే లేదు. రేస్ డిటెక్టర్ (ఒకే విలువను పలు పనులు ఒకేసారి ముట్టుకుంటే పట్టిచ్చే పరికరం) ఆ పంక్తినే వేలెత్తి చూపినా నేను నమ్మలేదు. అసలు కారణం గో మాడ్ ఫైలులో (ప్రాజెక్టు ఏ గో సంచికకు రాసినదో ప్రకటించే ఫైలులో) ఉంది. ఆ సర్వీసు ఎప్పుడో మొదలైనది, అందులో గో 1.19 అని రాసి ఉంది. కొత్త ప్రవర్తన 1.22 లేదా ఆపైది అని ప్రకటించుకున్న మాడ్యూళ్ళకే వర్తిస్తుంది, పాతవాటికి కంపైలర్ పాత అర్థాన్నే ఉంచుతుంది.

కాణిపాకం దారి | ఆదివారం, రాత్రి 9:50

గో మాడ్‌లోని ఆ పంక్తిని 1.22కు మార్చే ముందు ఆ సర్వీసులో మిగిలిన లూప్‌లు కూడా ఒకసారి చూడండి. అరుదే గాని, పాత ప్రవర్తన మీద ఆధారపడి రాసినవి ఎక్కడైనా ఉండవచ్చు. ముఖ్యంగా లూప్ చరరాశి చిరునామాను దాచుకున్న చోట్లు.

స్వర్ణముఖి | ఆదివారం, రాత్రి 10:40

చూశాను. అలాంటివి రెండున్నాయి. ఒకటి టెస్టులోనే ఉంది, ఆ టెస్టు ఇన్నాళ్ళూ చివరి బిల్లును మాత్రమే పరీక్షిస్తోంది. రేపు పొద్దున ఆవిడకు చూపిస్తాను.